సగం కూలి, సగం బియ్యం, పూర్తి పన్ను

ఇర్వింగ్ నగరంలోని థామస్ జెఫర్సన్ పార్కులో 2014 అక్టోబరు 2వ తేదీన మహాత్మా గాంధీ విగ్రహాన్ని ఆవిష్కరించారు. ఏటా ఆయన జయంతినాడు మన పిల్లలు అక్కడ పూలు ఉంచుతారు. అటువంటి ఒక జయంతి గడిచిన వారంలో, సాయంత్రపు తెలుగు తరగతిలో మా పక్కన కూర్చునే తొమ్మిదేండ్ల చిన్నారి మమ్మల్ని ఒక మాట అడిగింది. "గాంధీ తాత ముందు దక్షిణాఫ్రికాలో పోరాడారట కదా, అక్కడ ఎవరి కోసం?"

"మా కోసం" అన్నాము.

ఆ పిల్ల నమ్మలేదు. తెల్లజుట్టుతో తన పక్కన గుణింతాలు దిద్దుకుంటున్న మనిషికీ, పార్కులోని కంచు విగ్రహానికీ సంబంధం ఏమిటని దాని అనుమానం. ఆ అనుమానం సహజమే. మేము దర్బన్ నగరంలో పుట్టాము. ముప్పై ఏండ్లకు పైగా అక్కడి బడులలో చరిత్ర చెప్పి, విశ్రాంత జీవనానికి పిల్లల వద్దకు ఈ ఊరు వచ్చాము. మా ఇంటిపేరు తెలుగు, మా ఇంటి భజనలు తెలుగు. నోటిలో ఉండవలసిన భాష మాత్రం మూడు తరాలలో అరిగిపోయి వంటింటి మాటలు, పండుగల పేర్లు, నాలుగైదు తిట్లు మిగిలాయి. అక్షరాలు అరవై దాటిన తరువాత నేర్చుకున్నాము. కనుక ఈ వ్యాసంలో పుస్తకాల వాసన ఎక్కువగా ఉంటే చదువరులు మన్నించాలి.

ఆనాడు చిన్నారికి ఇచ్చిన సమాధానం మరీ పొట్టిది. పూర్తి సమాధానం చెప్పాలంటే గాంధీగారి కంటె ముందు కొందరు స్త్రీల గురించి చెప్పాలి. వారిలో మా ముత్తవ్వ ఒకరు.

1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుండి 342 మందితో దర్బన్ రేవు చేరింది. చెరకు తోటలలో పనికి మనుషులు కావాలని నటాల్ వలసరాజ్యం కోరగా, అయిదేండ్ల ఒప్పందంపై పంపిన తొలి జట్టు అది. అది మొదలు 1911 వరకు 1,52,184 మంది ఆ విధంగా నటాల్‌కు వెళ్లారు. వారిలో సుమారు మూడింట రెండు వంతులు మద్రాసు రేవులో ఎక్కినవారు. తమిళులు ఎక్కువ, వారితోపాటు గంజాం, విశాఖపట్నం, గోదావరి, నెల్లూరు, కడప, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువారు.

ఓడ ఎక్కిన ప్రతి మనిషికి చిట్టాలో ఒక వరుస కేటాయించారు. సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, ఎత్తు, ఒంటిమీది గుర్తులు. ఆ చిట్టాలు నేటికీ భద్రంగా ఉన్నాయి. చరిత్ర చెప్పి బ్రతికినవారికి అటువంటి పత్రాలు చూస్తే ప్రాణం లేచివస్తుంది. అయితే సొంత మనిషి వరుసను వెదికి పట్టుకున్న రోజున మాకు కలిగిన భావం వేరు. మచ్చ ఏ చేతిమీద ఉన్నదో, ఎత్తు ఎన్ని అంగుళాలో తీరికగా వ్రాసుకున్న గుమాస్తా, ఆమె ఊరు ఎందుకు విడిచిందో వ్రాయలేదు. దానికి చిట్టాలో గడి లేదు.

మా ఇంట్లో తరతరాలుగా చెప్పుకొనే కథ ప్రకారం ముత్తాత, ముత్తవ్వ దంపతులుగా ఓడ ఎక్కారు. కొత్త దేశంలో పొలం కొందామని బయలుదేరారు. చిట్టా ఆ కథను ఒప్పుకోలేదు. ఆమె ఒంటరిగా ఎక్కింది. ఆమె కింది వరుసలో రెండేండ్ల ఆడశిశువు. భర్త పేరు ఎక్కడా లేదు. ముత్తాత మరొక ఏడు, మరొక ఓడలో వచ్చాడు.

ఆ కాగితాన్ని చాలాకాలం ఎవరికీ చూపలేదు. ఎందుకు చూపలేదో తరువాత చెబుతాము. ముందు, చంటిబిడ్డతో ఒంటరిగా ఉన్న స్త్రీని ఓడలోకి ఎందుకు రానిచ్చారో తెలుసుకోవాలి.

తోటల యజమానులకు కావలసింది బలమైన మగవాళ్లు. స్త్రీలు, పిల్లలు వారి దృష్టిలో దండగ ఖర్చు. ఇండియా ప్రభుత్వం మాత్రం మగవాళ్లను మాత్రమే పంపడానికి ఒప్పుకోక, ప్రతి 100 మంది పురుషులకు 40 మంది స్త్రీలు ఉండాలన్న నియమం పెట్టింది. వినడానికి ఇది స్త్రీలపట్ల దయగా తోచవచ్చు. ఆ 40 అనే అంకె వెనుక ఉన్నది స్త్రీ మేలు కాదు. మగవాళ్లు బారకాసులలో కుదురుగా ఉండాలి, కొట్టుకోకూడదు, ఒప్పందం ముగిశాక కూడా తోట విడిచిపోకూడదు. అందుకు స్త్రీలు కావాలి. అంకె నిండకపోతే ఓడ కదలడం కష్టం. కాబట్టి దళారులు సంతల దగ్గర, సత్రాల దగ్గర, పుణ్యక్షేత్రాల దారుల్లో స్త్రీల కోసం కాచుకొని ఉండేవారు. ఊరిలో చోటు కోల్పోయిన స్త్రీ వారికి సులభంగా దొరికేది: వితంతువు, మగడు విడిచినది, మగడిని విడిచినది, కరువులో ఇంటిల్లిపాదినీ పోగొట్టుకున్నది. 1876లో మొదలైన ధాత కరువు మన జిల్లాలలో ఎన్ని పల్లెలను ఖాళీ చేసిందో తలచుకుంటే, మద్రాసు డిపో ముందు నిలబడిన స్త్రీల వరుస ఎక్కడినుండి వచ్చిందో ఊహించవచ్చు.

ఇందరూ మోసపోయి ఎక్కినవారే అని కూడ మేము అనము. మోసం ఉన్నది, నిజమే. చక్కెర చాలా ఉన్న దేశమని, పని తేలికని చెప్పి ఎక్కించినవారు ఉన్నారు. కాని బాగా ఆలోచించి, ఉన్న ఊరి కంటె తెలియని సముద్రమే నయమని ఎక్కిన స్త్రీలు కూడ ఉండి ఉండాలి. మా ముత్తవ్వ ఏ కోవకు చెందినదో చిట్టా చెప్పదు. ఆమెను జాలిపడవలసిన మనిషిగా మాత్రమే చూడడం మాకు ఇష్టం లేదు.

దర్బన్‌లో దిగాక లెక్క ఇంకా స్పష్టంగా ఉంటుంది. పురుషునికి మొదటి ఏడు నెలకు 10 షిల్లింగుల కూలి, ఆపైన ఏటా ఒక షిల్లింగు పెరుగుదల. స్త్రీకి అందులో సగం. బియ్యం, పప్పు, ఉప్పుచేప, నూనె తోటవారే కొలిచి ఇచ్చేవారు. స్త్రీకి అవి కూడ సగం. చెరకు నరికేది ఎక్కువగా మగవాళ్లు, కలుపు తీసేది, ముచ్చెలు నాటేది, ఆకు దులిపేది స్త్రీలు. పొద్దు పొడవక ముందే లేచి వండి, పొలానికి పోయి, చీకటి పడ్డాక వచ్చి మళ్లీ వండేది కూడ స్త్రీలే. ఆ వంటకు కూలి లేదని వేరుగా చెప్పనక్కరలేదు.

మా అవ్వ, అంటే ముత్తవ్వ కూతురు, ఆ బారకాసులలోనే పుట్టింది. మా చిన్నతనంలో ఆమె బియ్యం కొలిచే తీరు మాకు బాగా జ్ఞాపకం. డబ్బాతో నిండుగా తీసి, పైన గోపురంలా ఉన్న గింజలను అరచేతితో సంచిలోకి రాల్చేది. తరువాత ఇంకొక పిడికెడు తీసి మళ్లీ సంచిలో వేసేది. ఇంట్లో బియ్యానికి లోటు లేని రోజులలో కూడ అంతే. "ఎందుకవ్వా?" అంటే "అమ్మ అట్లాగే చేసేది" అనేది. అందరూ తిన్న తరువాత మిగిలినది తినేది. మేము దానిని ఆచారమనుకున్నాము, పతివ్రతా ధర్మమనుకున్నాము. సగం బియ్యం గురించి చదివినప్పుడు గాని ఆ పిడికెడు మాకు అర్థం కాలేదు.

పనిచేయలేని రోజున ఆ సగం కూడ దక్కకపోయేది. న్యాయమూర్తి రాగ్ అధ్యక్షతన 1885 నుండి 1887 వరకు నడిచిన విచారణ సంఘం ముందుకు ఇటువంటి సంగతులు వచ్చాయి. గర్భిణులు, బాలింతలు, జబ్బుపడినవారు తోటకు రాకపోతే గింజలు ఆపివేసే యజమానులు ఉండేవారు. సంఘం పెద్ద నివేదిక ఇచ్చింది. నివేదికలకు నటాల్‌లో ఏనాడూ కొరత లేదు.

ఫిర్యాదు చేయడానికి కూలీల రక్షకుడు అనే అధికారి దర్బన్‌లో ఉండేవాడు. ఆయన దగ్గరికి పోవాలంటే తోట దాటాలి. తోట దాటాలంటే యజమాని ఇచ్చే చీటీ చేతిలో ఉండాలి. చీటీ లేకుండా దొరికితే పని ఎగవేసిన నేరం. సర్దారు చేయి పట్టుకున్నాడనో, దొర రాత్రివేళ బారకాసు తలుపు తట్టాడనో చెప్పుకోవలసిన స్త్రీ, ఆ దొర దగ్గరే చీటీ అడగాలి. బారకాసులో ఒక్కొక్క కుటుంబానికి ఒక్కొక్క చిన్నగది, గదికీ గదికీ మధ్య పలుచని గోడ. ఆ గోడల మధ్య ఏమి జరిగేదో కోర్టు కాగితాలలో అక్కడక్కడ కనిపిస్తుంది. ఎక్కువభాగం కాగితం మీదికి ఎక్కలేదు.

తరువాత పన్ను. 1895లో నటాల్ శాసనసభ 17వ నంబరు చట్టం చేసింది. ఆపైన వచ్చే కూలీలు అయిదేండ్లు ముగిశాక మళ్లీ ఒప్పందం వ్రాయాలి, లేదా ఇండియాకు తిరిగిపోవాలి. రెండూ కాక స్వేచ్ఛగా ఉండదలచుకుంటే మనిషికి ఏటా 3 పౌండ్లు కట్టాలి. 1903లో దానిని పిల్లలకు కూడ వర్తింపజేశారు. మగపిల్లలకు 16 ఏండ్లు నిండితే పన్ను. ఆడపిల్లలకు 13 ఏండ్లకే.

ఈ లెక్కను మేము తరగతిలో నల్లబల్లమీద వేయించేవాళ్లము. పౌండుకు 20 షిల్లింగులు, కాబట్టి 3 పౌండ్లు 60 షిల్లింగులు. స్త్రీకి మొదటి ఏడు కూలి నెలకు 5 షిల్లింగులు. పన్నెండు నెలలకు ఎంత? పిల్లలు వేసి చూసి, తప్పు చేశామేమో అని మళ్లీ వేసేవారు. తప్పు లేదు. తోటలో స్త్రీకి ఒక ఏడాది అంతా ఇచ్చిన కూలి ఎంతో, స్వేచ్ఛగా ఉన్నందుకు ఒక ఏడాదికి ఆమె కట్టవలసిన పన్ను సరిగ్గా అంత. భార్య, భర్త, పదహారేండ్ల కొడుకు, పదమూడేండ్ల కూతురు ఉన్న ఇంటికి ఏటా 12 పౌండ్లు. కూలి ఇచ్చేటప్పుడు ఆమె సగం మనిషి. పన్ను వసూలుకు వచ్చేసరికి పూర్తి మనిషి, ఆమె కూతురైతే పదమూడేండ్లకే పూర్తి మనిషి. కట్టలేని కుటుంబం మళ్లీ ఒప్పందం మీద వేలిముద్ర వేయడం తప్ప చేయగలిగింది లేదు. చట్టం కోరుకున్నదీ అదే.

ఇది చాలదన్నట్లు 1913 మార్చి 14న కేప్ రాష్ట్రపు న్యాయమూర్తి సర్ల్ ఒక తీర్పు చెప్పారు. బహుభార్యాత్వాన్ని అనుమతించే మతాచారం ప్రకారం జరిగిన పెండ్లి ఆ దేశపు చట్టం ముందు పెండ్లి కాదు. ఒక కలం పోటుతో వేలాది హిందూ, ముస్లిం ఇల్లాండ్రు ఇల్లాండ్రు కాకుండా పోయారు. మంగళసూత్రానికి విలువ లేదు. పిల్లలకు వారసత్వం మీద అనుమానం.

గాంధీగారు అప్పటికి ఏడేండ్లుగా సత్యాగ్రహం నడుపుతున్నారు గాని, స్త్రీలు జైలుకు రావడానికి ఒప్పుకోలేదు. ఈ తీర్పు తరువాత ఆపే వీలు లేకపోయింది. ఆ సెప్టెంబరులో కస్తూర్బా మొదలైనవారు నటాల్ నుండి సరిహద్దు దాటి ట్రాన్స్‌వాల్‌లో అరెస్టు అయ్యారు. అంతకంటె పెద్ద పని చేసినవారు ఎదురుదిక్కున, ట్రాన్స్‌వాల్ నుండి నటాల్‌లోకి నడిచిన పదకొండుమంది స్త్రీలు. ఎక్కువమంది తమిళులు, నాయుడు అనే పేరుగల ఇండ్లవారు కూడ అందులో ఉన్నారు. కొందరి చంకన చంటిబిడ్డలు. సరిహద్దులో పోలీసులు పట్టుకోకపోతే వారు నేరుగా న్యూకాసిల్ బొగ్గుగనులకు పోయి, గని కూలీల గుడిసెల ముందు కూర్చొని, 3 పౌండ్ల పన్ను గురించి చెప్పారు. తలకొక పన్ను తీసేవరకు గనిలో దిగవద్దన్నారు. అక్టోబరు నడుమ గనులు ఆగిపోయాయి. అక్టోబరు 21న ఆ స్త్రీలను పట్టుకొని మూడు నెలల కఠిన శిక్ష వేశారు. అప్పటికి సమ్మె వారి చేతులు దాటి పాకిపోయింది. కొద్ది వారాలలో సముద్రతీరపు చెరకు తోటలు కూడ ఆగాయి.

ఇక్కడ ఒక మాట. గాంధీగారు ఆ పోరాటం మీద తరువాత వ్రాసిన పుస్తకంలో ఈ పదకొండుమంది పేర్ల పట్టిక ఉన్నది. అందులో చాలామంది శ్రీమతి తంబి నాయుడు, శ్రీమతి పెరుమాళ్ నాయుడు అని మగని పేరుతోనే ఉన్నారు. తంబి నాయుడుగారి భార్య పేరు వీరమ్మాళ్. ఓడ చిట్టా వ్రాసిన గుమాస్తా అయినా ఆడవాళ్లకు వారి పేర్లే వ్రాశాడే అని మేము నవ్వుకున్న సందర్భం ఉన్నది. మహాత్ముని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు, అది ఆ కాలపు అలవాటు. అలవాటు ఎక్కడెక్కడికి చొచ్చుకుపోతుందో చూపడానికే చెప్పాము.

1913 నవంబరు 6న గాంధీగారు చార్లెస్‌టౌన్ నుండి బయలుదేరినప్పుడు వెంట 2,037 మంది పురుషులు, 127 మంది స్త్రీలు, 57 మంది పిల్లలు. అంతకుముందు దారిలోనే ఇద్దరు పసిబిడ్డలు పోయారు. ఒకరు చలికి, ఒకరు వాగు దాటుతున్నప్పుడు తల్లి చేతిలోనుండి జారి. ఆ తల్లులు నడక ఆపలేదు. జోహన్నెస్‌బర్గ్‌కు చెందిన పదహారేండ్ల వళ్లియమ్మ తల్లితోపాటు జైలుకు పోయి, జ్వరంతో బయటికి వచ్చి, 1914 ఫిబ్రవరి 22న కన్నుమూసింది. ఆ ఏడే చట్టం వచ్చింది: 3 పౌండ్ల పన్ను రద్దు, మన పెండ్లిండ్లకు గుర్తింపు.

నటాల్‌కు కూలీలను పంపడం ఇండియా ప్రభుత్వం 1911లోనే ఆపివేసింది. ఫిజీ తదితర ద్వీపాలకు మాత్రం ఓడలు పోతూనే ఉన్నాయి. ఫిజీకి తొలి ఓడ లియోనిదాస్ 1879 మేలో చేరింది. మద్రాసు నుండి మనవారు అక్కడికి పోవడం 1903లో ఆరంభమయింది. ఫిజీ ఒప్పందంలో దినకూలి పురుషునికి ఒక షిల్లింగు, స్త్రీకి 9 పెన్నీలు. సగం కంటె మెరుగే గదా అనుకొనేవారికి కుంతి కథ చెప్పాలి. 1912 ఏప్రిల్ 10న, తోటలో దూరంగా ఒంటరిగా పని అప్పజెప్పిన చోట, ఓవర్సీరు మీదికి వస్తే ఆమె ఏటిలో దూకింది. పడవలో ఉన్న ఒక కుర్రవాడు పైకి లాగాడు. ఆమె అంతటితో ఊరుకోలేదు. తన కథ చెప్పి వ్రాయించింది. అది 1913లో కలకత్తా పత్రిక భారత మిత్రలో అచ్చయింది. అధికారులు విచారణ జరిపి ఆమెది అబద్ధమని తేల్చడానికి చూశారు. దేశం ఆమెనే నమ్మింది. 1917 జనవరిలో అలహాబాదు సభలో ఈ పద్ధతికి వ్యతిరేకంగా సరోజినీ నాయుడు మాట్లాడారు. ఆమె హైదరాబాదులో పుట్టినది, అదీ లియోనిదాస్ ఫిజీ చేరిన 1879లోనే. ఆ మార్చిలో కూలీల చేర్పు ఆగింది. 1920 జనవరి 1న ఫిజీలో మిగిలిన ఒప్పందాలన్నీ రద్దయ్యాయి. కూలి సమస్యగా ఎన్నేండ్లు వినిపించినా కదలని ప్రభుత్వం, స్త్రీ మానం సమస్య అయ్యాక కదిలింది. ఇందులో సంతోషించవలసినది ఉన్నది, ఆలోచించవలసినదీ ఉన్నది.

ఎందుకంటే ఆ మానం అనే మాటే మా ఇంట్లో కాగితాన్ని దాచిపెట్టింది. తోటలలో ఆత్మహత్యలు, హత్యలు పెరిగినప్పుడల్లా అధికారులు చూపిన కారణం ఒకటే: ఓడలలో వచ్చిన ఆడవాళ్లు మంచివాళ్లు కారు. 100 మందికి 40 మందిని లెక్కగట్టి తెచ్చినవారు, వారి చేతికి సగం కూలి ఇచ్చినవారు, తప్పు మాత్రం వారి మీద పెట్టారు. ఫిజీలో గిర్మిట్ కూలీల మనుమడు, చరిత్రకారుడు బ్రిజ్ లాల్ ఉత్తరాది నుండి ఫిజీ వెళ్లినవారి వేలాది చీటీలు లెక్కించి చూస్తే, స్త్రీలలో మూడింట రెండు వంతులకు దగ్గరగా ఒంటరిగా వెళ్లినవారే. కుంతి పేరుతోనే ఆయన 1985లో వ్యాసం వ్రాసి, అధికారుల మాట నిలవదని చూపారు. ఇంతమంది స్త్రీలు ఒంటరిగా వెళ్లారంటే, మనలో ఎందరి ఇండ్లలో దంపతులు కలిసి ఓడ ఎక్కిన కథ చెప్పుకుంటున్నామో!

దర్బన్‌లో మా పెద్దమ్మకు ఇప్పుడు ఎనభై తొమ్మిదేండ్లు. కాగితం దొరికిన సంగతి ఫోనులో చెబితే చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అన్నది, "నాకు తెలుసు." ఆమెకు మా అవ్వ చెప్పిందట. ఆ ఆడశిశువు ఓడ దిగిన మొదటి ఏడాదిలోనే పోయిందని కూడ చెప్పిందట. డెబ్బై ఏండ్లు ఆమె ఆ మాట లోపలే ఉంచుకున్నది, ఆడపిల్లల పెండ్లిండ్లు చెడతాయని. మాకు కోపం వచ్చింది. ఆమె మీద కాదు.

ఇది ముగిసిపోయిన కథ అని అనుకోవడానికి వీలు లేని సంఘటన ఒకటి ఈ దేశంలోనే, మనవారి మధ్యనే జరిగింది. 1999 నవంబరులో కాలిఫోర్నియాలోని బర్కిలీ నగరంలో ఒక అద్దె ఇంట్లో విషవాయువు నిండి పదిహేడేండ్ల తెలుగు బాలిక చనిపోయింది. ఆ నగరంలో ఎన్నో ఇండ్లున్న ఒక తెలుగు ఆసామి కృష్ణా జిల్లాలోని తన ఊరి నుండి పేద కుటుంబాల ఆడపిల్లలను దొంగ కాగితాలతో తెచ్చి, వారిచేత పని చేయించుకొని, వారిపై అత్యాచారం చేసినట్లు విచారణలో బయటపడింది. 2001లో నేరం ఒప్పుకున్న ఆయనకు 97 నెలల జైలుశిక్ష పడింది. సొంత ఊరిలో ఆయన బడులు కట్టించిన దాత. ఈ వార్తను తొలుత తవ్వి తీసింది పెద్ద పత్రికలు కావు. బర్కిలీ హైస్కూలు పిల్లలు నడుపుకొనే పత్రికలో ఇద్దరు విద్యార్థినులు. పదిహేడేండ్ల పిల్ల పగలు బడిలో ఎందుకు లేదు అన్నది వారికి వచ్చిన ప్రశ్న. ఈ పత్రిక చదివే యువతీయువకులకు ఈ ఒక్క సంగతి చెప్పాలని చాలాకాలంగా మా కోరిక. ఆ మరుసటి ఏడు, 2000 అక్టోబరులో, అక్రమ రవాణా బాధితులకు ఈ దేశంలో ఉండే హక్కునిచ్చే చట్టం వచ్చింది. బాధితురాలు తనను తెచ్చినవాని చీటీ మీద ఆధారపడకుండా అధికారి ముందు నిలబడవచ్చు. నటాల్ తోటలలో లేనిది అదే.

చీటీ ఎవరి చేతిలో ఉన్నదన్న ప్రశ్న ఇంకా చిన్నరూపంలో మన ఇండ్లలో కూడ ఉన్నది. ఇర్వింగ్‌లో మేము తెలుగు నేర్చుకున్న బల్లలమీద మాకు ఒత్తులు దిద్దించిన యువతులలో ఇంజనీర్లు ఉన్నారు, వైద్యులు ఉన్నారు. భర్త వీసాకు అనుబంధంగా వచ్చినందువల్ల సంవత్సరాల తరబడి ఉద్యోగం చేసే అనుమతి లేనివారు. హెచ్-4 వీసా మీద ఉన్నవారిలో కొందరికి ఆ అనుమతి 2015 మే 26 నుండి గాని రాలేదు. బారకాసుకూ అపార్టుమెంటుకూ పోలిక తేవడం లేదు. తెస్తే ముత్తవ్వకు అన్యాయం, ఈ యువతులకూ అన్యాయం. అయినా భార్య కాగితం భర్త కాగితానికి కుట్టి ఉన్నప్పుడు, ఇంట్లో చెడు జరిగితే ఆమె ముందుగా ఆలోచించేది చెడు గురించి కాదు, కాగితం గురించి. గోదావరి, కడప జిల్లాల నుండి గల్ఫ్ దేశాలకు ఇంటిపనికి పోయే స్త్రీల పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉంటుందని మన ఊళ్లలో అందరికీ తెలుసు. 30 ఏండ్లు నిండని స్త్రీకి ఆ పనికి అనుమతి ఇవ్వకూడదని ప్రభుత్వ నియమం. కాపాడడానికే పెట్టారు. అవసరం ఉన్న స్త్రీ సందర్శకుల వీసా మీద పోతుంది, పోయాక ఏ పద్దులోనూ ఉండదు.

ఈ వ్యాసం వ్రాయడానికి ముందు పెద్దమ్మకు మళ్లీ ఫోను చేశాము. ఆమె షరతు ఒకటే. "రాయి. ఒంటరిగా వచ్చిందని రాయి, బిడ్డ సంగతి రాయి. పేరు మాత్రం వద్దు." ఎందుకని అడగలేదు. మాట ఇచ్చాము.

పేరు మాత్రం తెలుగు తరగతిలో ఒక సాయంత్రం వ్రాశాము. గుమాస్తా చెవికి తోచినట్లు ఇంగ్లీషులో వ్రాసిన పేరును రెండు విధాలుగా చదవవచ్చు; ఒత్తు ఒక చోట ఉంటే ఒక పేరు, లేకుంటే ఇంకొకటి. పంతులమ్మగారు రెండూ బోర్డుమీద వ్రాసి చూపారు. పక్కనున్న చిన్నారి రెంటినీ బిగ్గరగా చదివి, ఏది సరైనదని అడిగింది. పెద్దమ్మ ఫోనులో ఉచ్చరించిన తీరు గుర్తుకు తెచ్చుకొని ఒత్తు ఉన్నదానిని చూపాము. అది మా నోటుపుస్తకంలో తన చేత్తో మరొకసారి వ్రాసి ఇచ్చింది.